కందిరీగ కాపురం

కంప్యూటర్ పెట్టె విప్పిన ప్రతిసారీ తనకి గుండె దడదడలాడుతుందని పైడితల్లి ఎవరితోనూ అనలేదు. సొంతంగా రిపేర్లు నేర్చుకున్న పిల్లకి భయమని తెలిస్తే కొట్టుకి ఎవరొస్తారు?

ఆమె అద్దెకున్న ఆ కొట్టు జగ్గునాయుడిది. ఆయన నిన్న ఇంట్లోని పాత కంప్యూటర్ ఇచ్చి వెళ్లాడు. ఇవాళ నలుగురిని వెంటేసుకొచ్చి మీట నొక్కాడు. అది ఉలకలేదు, పలకలేదు. పైడితల్లి దాన్నింకా విప్పనేలేదు.

"దుమ్ము దులపమని ఇస్తే ప్రాణం తీశావేటే! కొత్తది కొనియ్యి, లేదా కొట్టు ఖాళీ చెయ్యి!"

పైడితల్లి గబుక్కున పెట్టెని తనవైపు తిప్పుకుంది. కొట్టు పోతే కూడెక్కడిది? అంతలో పెట్టె వెనక జాలీలోంచి ఏదో కనిపించింది.

"ఇది ఎప్పటిదాకా నడిచింది బాబూ?"

"నిన్న పొద్దున కూడా నేనే నడిపాను!"

"అందరూ విన్నారు కదా!" అంటూ ఆమె మూత విప్పింది. లోపల ఫ్యాను రెక్కల్ని కలిపేస్తూ కందిరీగ మట్టిగూడు, పిల్లలు ఎగిరిపోయిన కన్నాలతో ఎండిపోయి ఉంది.

"నిన్న ఈ ఫ్యాను తిరిగితే, కందిరీగ గూడెప్పుడు కట్టింది బాబూ? పిల్లల్ని పెంచి ఎప్పుడు పంపేసింది?"

"అంత జోరుగా కట్టే మేస్త్రీ మనూళ్లో లేడు నాయుడూ!" అన్నారెవరో. అందరూ గొల్లున నవ్వారు.

"సర్లే, బాగుచెయ్యి. ఖర్చు నాదే," గొణుగుతూ నాయుడు వెళ్లిపోయాడు.

గూడు తీసినా పెట్టె లేవలేదు. ఫ్యాను తిరక్క, కరెంటిచ్చే పార్టు ఎప్పుడో కాలిపోయినట్టుంది. కొత్తది తెప్పించాలి. ఖర్చు నాయుడిదని నలుగురూ విన్నారు కదా! పట్నంలోని పార్టుల కొట్టుకి ఫోన్ చేద్దామని సెల్లు తీసింది.