ఓబులమ్మ బావి అడుగున

కొండ కింది దర్గాలో నన్నేషా బాబాకు ఖాసీం ఆరేళ్లుగా శిష్యుడు. ఆ ఎండాకాలం అతనికో దిగులు పట్టుకుంది. గురువారం అన్నదానానికి కింది పల్లెవాళ్లు రావడం మానేశారు. దారిలో ఎదురైనా ముఖం తిప్పుకుని పోతున్నారు.

తను చేసిన తప్పేమిటో అతనికి అంతుబట్టలేదు. దర్గా బావిని మరో రెండు నిలువుల లోతు తవ్వించింది తనే. ఆయిలు ఇంజను పెట్టించి, బీడు నేలలో అరటితోట వేసి, వచ్చినవాళ్లకు కడుపునిండా పెడుతున్నదీ తనే. చివరికి ఒక ఉదయం, మన తోట పచ్చగా ఉందని వాళ్లకు కన్నుకుట్టిందని బాబాతో అనేశాడు.

బాబా లేచాడు. కింది పల్లె ఓబులమ్మ బావి నీళ్లు తాగాలని ఉంది, చెంబు తీసుకుని వెంట రమ్మన్నాడు. ఖాసీం ఇంజను ఆపబోతే, ఆడనీ అన్నాడు.

ఆ బావి లోయ దిగువన చేని పక్కన ఉంది. ఓబులమ్మ గట్టు మీద ఖాళీ బిందెలు పెట్టుకుని కూర్చుని ఉంది. బాబాను చూసి లేచి దండం పెట్టింది.

ఖాసీం మెట్లు దిగాడు. అడుగున రాతి సందులో చిన్న చెలమ, పక్కన ఒక కొబ్బరిచిప్ప. అంతే. రెండు చిప్పలు తోడేసరికి బురద తేలింది. మళ్లీ ఊరుతుందని కాచుకు కూర్చున్నాడు. ఊరలేదు. ఎగువనుంచి తన ఇంజను చప్పుడు మాత్రం ఆగకుండా వినిపిస్తోంది.

ఓబులమ్మ పైనుంచి వంగి చూసింది.

“పైన ఇంజను నిలిస్తేగాని ఊరదు నాయనా. మేమూ దినామూ అట్లే కూర్చుంటాం.”

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండుననిపించింది ఖాసీంకు. మెట్లెక్కి ఆమెకు ముఖమెట్లా చూపించాలో తెలియలేదు.

చెంబు అడుగున ఉన్న ఆ కాసిని నీళ్లతో పైకి వచ్చాడు. బాబా వాటిని తాగలేదు. ఓబులమ్మ బిందెలో పోశాడు.

ఖాసీం నేల చూస్తూ అన్నాడు. “మన బావి పూడ్చేస్తాను బాబా.”

“పూడ్చి ఎవరికి చూపిస్తావు? మనం రోజుకెంత తోడుకోవచ్చో ఆమెను అడుగు.”

ఖాసీం ఓబులమ్మ వైపు తిరిగాడు. తల ఎత్తలేకపోయాడు. ఆ ఒక్క మాట అడగడానికి అతనికి చాలాసేపు పట్టింది.