మిషనుకు వేసిన దండ

పరాంకుశం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన రోజు విజయదశమి నాడు వచ్చింది. ఆ రోజే సింకు పొంగింది.

హార్స్‌లీ కొండ దారిలో ఉన్న ఆశ్రమంలో వంటింటి పెత్తనం అతనిది. ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక మొట్టమొదటిసారి ప్రసంగం చేయాలి. విషయం మనోమాలిన్యం. వేదిక మీద తనకు దండ వేసేటప్పుడు మెడ ఎంత వంచితే వినయంగా కనబడుతుందో, తోమిన గుండిగలో తన నీడ చూసుకుంటూ సాధన కూడా చేశాడు. గురువు అచలయ్యగారు పెట్టిన షరతు ఒక్కటే.

"వంటిల్లు సర్దుకోని రా నాయనా. అప్పుడు మాట్లాడుదువు."

ఇప్పుడేమో సింకు నిండా సాంబారు రంగు నీళ్ళు. అవి దిగితే గాని గిన్నెలు కడగడం కుదరదు, గిన్నెలు కడిగితే గాని ప్రసంగం లేదు. పరాంకుశానికి ఏడుపొక్కటే తక్కువ.

ఆ సింకు కింద చెత్త రుబ్బే మిషను ఉంది. బెంగుళూరు భక్తుడొకాయన బిగించి ఇచ్చాడు. మిగిలిన మెతుకులూ కూర ముక్కలూ సింకు రంధ్రంలో వేసి, నీళ్ళు వదిలి స్విచ్చి నొక్కితే, రుబ్బి కాలువలోకి పంపేస్తుంది. పరాంకుశం దాన్ని కన్నబిడ్డలా చూసుకున్నాడు. అంటే, రోజూ పైన తుడిచి బొట్టు పెట్టేవాడు. వాసనొస్తే పక్కన అగరొత్తి వెలిగించేవాడు. లోపలికి మాత్రం ఏనాడూ తొంగి చూసిన పాపాన పోలేదు.

అచలయ్యగారు వచ్చారు. వడ్డనకు వచ్చిన భక్తులు కూడా వెనకాలే వచ్చి నిలబడ్డారు.

"ఏం వేసినావు దీంట్లో?"

"ఎప్పుడూ వేసేదే స్వామీ. పండక్కి జనం బాగా వచ్చినారు గదా, దిష్టి తగిలినట్టుంది."

అంటూనే పరాంకుశం చొక్కా చెయ్యి పైకి మడిచి రంధ్రంలో చెయ్యి పెట్టబోయాడు. గురువు పట్టకారుతో అతని మణికట్టు మీద ఒక్కటిచ్చారు.

"ముందు కరెంటు తియ్."

ప్లగ్గు పీకి, చెంబుతో నీళ్ళు తోడేశాక, గురువు టార్చి వేసి పట్టకారు లోపలికి దించారు. మొదట కరివేపాకు రెబ్బలు వచ్చాయి. తర్వాత నలిగిన బంతిపువ్వొకటి వచ్చింది. దాని వెనక దారం మొదలైంది. గురువు లాగుతూనే ఉన్నారు, అది మూరలకు మూరలు వస్తూనే ఉంది.

"అయ్యో, నిన్న ఆయుధపూజకు నేను కట్టిచ్చిన దండ గదా ఇది," అంది వడ్డనకు వచ్చిన నారాయణమ్మ.

అందరూ పరాంకుశం వంక చూశారు. దిష్టి మాట ఇక చెల్లేలా లేదు.

"నేనే వేసినా స్వామీ," అన్నాడు. "కత్తిపీటకూ గ్రైండరుకూ వేసినట్టే మిషనుకూ దండ వేస్తి. పొద్దునకు వాడిపోయింది. నిర్మాల్యం కాళ్ళ కింద పడగూడదు, పారే నీళ్ళలో కలపాల గదా. ఇందులో నీళ్ళు పారతాయి గదా అని..."

గురువు నవ్వలేదు. మిగతావాళ్ళు కొంగులూ కండువాలూ నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"భక్తి బాగానే ఉంది. దారం తీసుంటే సరిపోయేది."

పప్పుగుత్తి కాడ లోపలికి పెట్టి, బిగుసుకున్న చక్రాన్ని అటూ ఇటూ తిప్పి వదులు చేశారు. ఆగిపోయిన మిషను మళ్ళీ తిరగడానికి దాని అడుగున ఉన్న ఎర్ర మీట నొక్కారు. ప్లగ్గు పెట్టించి, నీళ్ళు వదిలాక స్విచ్చి వేయించారు. మిషను గుర్రుమని తిరిగింది. నీళ్ళన్నీ గడగడా దిగిపోయాయి. ఆఖరున ఐసు ముక్కలూ నిమ్మతొక్కలూ వేయించారు. ఇన్నాళ్ళూ అగరొత్తులు దాచిపెట్టిన కంపు అప్పుడు వదిలింది.

భోజనాలయ్యాయి, గిన్నెలు కడగడమూ అయింది. పరాంకుశం వేదిక ఎక్కాడు. నారాయణమ్మ తాజా బంతిపూల దండ తెచ్చి ఎత్తి పట్టుకుంది. అన్నాళ్ళు సాధన చేసిన మెడ ఒక్క అంగుళం కూడా వంగలేదు. అతను సిగ్గుతో వెనక్కి జరిగాడు.

"నాకు దండ వద్దులేమ్మా."

ముందు వరసలో కూర్చున్న అచలయ్యగారు ఇంకా తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నారు.

"వేయించుకో నాయనా," అన్నారు. "మింగొద్దంతే."