గుట్ట మీద నుంచి లెక్కపెట్టిన పొగలు

మన తాతల తాతలు కథలు వినే వయసులో ఉన్నప్పటి మాట ఇది. మణికేతుడనే రాజు ఏలే రాజ్యంలో సగం ఏటి ఒడ్డు, సగం మెట్ట. ఏటి ఒడ్డున ఏడాదికి రెండు పంటలు. మెట్టలో వాన పడితే ఒకటి, లేకుంటే లేదు.

ఒక ఏడు వాన పడలేదు. ఆకలితో ఉన్న ఊళ్లకు తన గాదెల్లోని రాగులు పంపాలని రాజు అనుకున్నాడు. ఏ ఊళ్లు ఆకలితో ఉన్నాయో తెలిసేదెట్లా? పొద్దుగూకే వేళ పొగ రాని ఇంట్లో వంట లేనట్టేనని మంత్రి చెప్పాడు. రాజుకు ఆ ఉపాయం నచ్చింది. పొగలు లెక్కపెట్టే పని తన కొలువులోని పెంచలయ్య అనే భటుడికి అప్పగించాడు.

పెంచలయ్య చూపు చురుకైనది. లెక్క ఏనాడూ తప్పింది లేదు. ఊరి పక్క గుట్ట ఎక్కేవాడు, లెక్కపెట్టేవాడు, అటునుంచి అటే వెళ్లిపోయేవాడు.

మొదట ఏటిపాలెం చూశాడు. నూరిళ్లకు మూడే పొగలు. ఆ పూట ఊరంతా కామందు ఇంటి పెళ్లి విందులో ఉన్న సంగతి గుట్ట మీదికి తెలియలేదు. తరవాత నడిమిపల్లె చూశాడు. సగం ఇళ్లకు పొగ ఉంది, సగానికి లేదు. చివరికి మెట్టలోని రాళ్లకుంట చూశాడు. నలభై ఇళ్లు, నలభై పొగలు. అంత కరువులోనూ అందరూ వండుకుంటున్నారని సంతోషించాడు.

ఏటిపాలేనికి పది బండ్ల రాగులు వెళ్లాయి. అక్కడ వాటిని ఎద్దులకు పెట్టారు. నడిమిపల్లెకు ఐదు బండ్లు వెళ్లాయి. రాళ్లకుంటకు ఒక్కటీ వెళ్లలేదు.

రెండు నెలల తరవాత పెంచలయ్య మళ్లీ రాళ్లకుంట గుట్ట ఎక్కాడు. ఈసారి ముప్పై ఒక్క పొగలే ఉన్నాయి. తక్కువైన తొమ్మిదీ అతన్ని నిలవనీయలేదు. మొదటిసారిగా గుట్ట దిగి ఊళ్లోకి నడిచాడు.

మొదటి ఇంట్లో ఓబులమ్మ అనే ముసలామె పొయ్యిలో ఆముదపు కట్టెలు పెడుతోంది. పొయ్యి మీద ఏమీ లేదు.

"కుండేదవ్వా?" అన్నాడు పెంచలయ్య.

"కుండలో వేసేదానికి ఏముంది నాయనా? పొయ్యి రాజేయకపోతే పక్కింటి సుంకులమ్మ చూసి, తాగే గంజిలో సగం నాకు తెచ్చి పెడుతుంది. ఆమె ఒక్కదానికే అది చాలదు. అందుకని ఈ పొగ."

అతను పక్కింటికి వెళ్లాడు. సుంకులమ్మ పొయ్యి కూడా మండుతోంది, దాని మీద కూడా ఏమీ లేదు. ఓబులవ్వ తన వాటా తెచ్చి పెడుతుందనే భయంతోనే తానూ రాజేశానని చెప్పింది. ఆమె భర్త పోయి అప్పటికి పన్నెండు రోజులు.

ఊళ్లో పొగ లేచిన ప్రతి ఇంటా ఇలాగే ఖాళీ పొయ్యి. మూడో ఇంటి తలుపుకు తాడు కట్టి ఉంది. అలాంటి ఇళ్లు తొమ్మిది. ఆరిళ్ల వాళ్లు ఊరు వదిలిపోయారు. మూడిళ్ల వాళ్లు ఎక్కడికీ పోలేదు, ఇక లేరు.

పెంచలయ్య రాజు ముందు నిలబడి అంతా చెప్పాడు.

"నీ లెక్క తప్పిందా?" అని అడిగాడు రాజు.

"లెక్క తప్పలేదు ప్రభూ. తప్పింది నేను. ఆనాడే గుట్ట దిగి ఒక్క గడప తొక్కి ఉంటే సరిపోయేది."

రాజు మంత్రి వైపు చూడనూ లేదు. ఆ పూటే బండ్లు కట్టించాడు, పెంచలయ్యను వాటి ముందు నడవమన్నాడు.

రాళ్లకుంటలో రాగులు పంచుతుంటే ఓబులమ్మ చేట పట్టుకొచ్చింది. పెంచలయ్యను తిట్టలేదు. "ఆ పొద్దే దిగొచ్చుంటే సుంకులమ్మ ఇంటాయన కూడా తినుండును నాయనా" అని మాత్రం అంది.

పిల్లలూ, ఎదుటివాడి ఆకలి దూరం నుంచి కనబడదు. గడప దాకా వెళ్లి, సమయానికి వెళ్లి, అడిగి తెలుసుకోవాలి.