పెరటి గది కిటికీ

విశాలాక్షమ్మగారు ఏ ప్రశ్నకూ అడిగిన రోజున జవాబు చెప్పరు. "రేపటికి కూడా ఆ సందేహం మిగిలితే రా" అని పంపేస్తారు. మర్నాడు వచ్చేవాళ్ళు తక్కువ. నేను పన్నెండేళ్ళుగా ఆవిడ దగ్గర శ్లోకాలకు అర్థం చెప్పించుకుంటున్నాను, నా సందేహం ఒక్కటైనా తెల్లారేదాకా నిలబడలేదు. ఆశ్రమం అని బోర్డయితే ఉంది గానీ, మాది ఒక రేకుల షెడ్డు, వెనక ఒక బోరింగు, ఆరేడు చాపలు. రామచంద్రపురం బస్సు దిగి చేల మధ్య ఇరవై నిమిషాలు నడవాలి. మధ్యాహ్నం పూట ఇంటి పనులు ఒక కొలిక్కి వచ్చిన ఆడవాళ్ళం అక్కడ చేరుతాం. విశాలాక్షమ్మగారికి డెబ్భై తొమ్మిదేళ్ళు. చూపు తగ్గింది, గొంతు తగ్గలేదు.

మాణిక్యాంబ మాత్రం మర్నాడు వచ్చింది. ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు, నలభై తొమ్మిదేళ్ళ మనిషి. భర్త మంచివాడే. తాగడు, తిట్టడు. తాగిన కాఫీ గ్లాసు మాత్రం ఆయన కూర్చున్న చోటి నుంచి దానంతట అది లేచి వెళ్ళాలి. ఆవిడ చాప మీద కూర్చుని, ముందురోజు అడిగిందే మళ్ళీ అడిగింది.

"కిందటేడు ట్రైనింగు ఉందని ఇంట్లో చెప్పి భీమిలి వెళ్ళానమ్మగారూ. నాలుగు రోజులు ఒక్కదాన్నే ఉన్నాను. ఏమీ చెయ్యలేదు. పడుకున్నాను, లేచాను, సముద్రం చూశాను. తిరిగొచ్చాక రెండు నెలలు ఇంట్లో ఎవర్నీ కసరలేదు. ఇప్పుడు మళ్ళీ వెళ్ళాలనుంది. మొన్న సంచీ సర్దుకుంటుంటే మా అమ్మాయి వచ్చి, 'పాపం, ఈ ట్రైనింగులతో నిన్ను చంపేస్తున్నారమ్మా' అని నా మోకాళ్ళకి మందు రాసింది. అప్పట్నుంచి అన్నం సయించడం లేదు. అబద్ధమాడి తెచ్చుకున్న విశ్రాంతి ఒంటికి పడుతుందా?"

నిజమే చెప్పేస్తే పోయె కదా అని మాలో ఒకావిడ అంది. ఇలాంటి సలహాలు ఇవ్వడానికి మేమందరం ఎప్పుడూ సిద్ధమే.

"చెప్పి చూశానండీ. రెండేళ్ళ కిందట చెప్పాను. 'ఇక్కడ నీకేం తక్కువైంది?' అన్నారాయన. ఏం తక్కువైందో నాకే తెలియలేదు. ఊరుకున్నాను."

విశాలాక్షమ్మగారు తన అత్తగారి సంగతి చెప్పడం మొదలుపెట్టారు. ఆవిడ అత్తగారి గురించి చెప్పగా మేము వినడం అదే మొదటిసారి.

అత్తగారి పేరు సూరమ్మ. ఇల్లు కాలువ గట్టున. ఆవిడ భర్త అవధానిగారు, ఏటికి నాలుగు తద్దినాలు పెట్టే మనిషి. ఆయన అక్కగారు సుందరమ్మ, చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింట్లో స్థిరపడిపోయింది. నిప్పులు కడిగే ఆచారం ఆవిడది. సూరమ్మగారి కొడుకు, అంటే విశాలాక్షమ్మగారి భర్త, పొద్దున ఉద్యోగానికి వెళ్తే సాయంత్రానికి వచ్చేవాడు. ఆ ఇంటికి కోడలుగా విశాలాక్షమ్మగారు వెళ్ళేనాటికి ఆవిడకు ఇరవై ఏళ్ళు, సూరమ్మగారికి యాభై.

అప్పటి ఇళ్ళలో నెలకు మూడు రోజులు ఆడది దూరం కూర్చోవాలి. పెరట్లో ఒక గది, చాప, చెంబు, అన్నీ విడి. వంటింటి గడప తొక్కకూడదు, నూతి చేద ముట్టకూడదు. పిల్లలు ఎందుకని అడిగితే కాకి ముట్టుకుందని చెప్పేవారు. నాలుగో రోజు తలస్నానం చేసి లోపలికి రావాలి.

"అది శిక్ష కదమ్మగారూ" అంది మాణిక్యాంబ.

"శిక్షే. ఆ గది కురిసేది, తేళ్ళు తిరిగేవి. నాకూ శిక్షే. మా అత్తగారికి అంతకంటే మంచిది ఇంకేదీ దొరకలేదు" అన్నారు విశాలాక్షమ్మగారు.

కాపరానికి వెళ్ళిన మూడో నెలలో అత్తాకోడళ్ళిద్దరూ ఒకేసారి ఆ గదిలో ఉండవలసి వచ్చింది. కోడలు మూల కూర్చుని ఏడుస్తోంది. గదికి కాలువ వైపు జానెడు కిటికీ ఉండేది. మధ్యాహ్నం పూట ఆ కాలువలో ప్రయాణికుల లాంచీ ఒకటి వెళ్ళేది. లాంచీలు రెండు, ఒకటి ఎర్రది, ఒకటి పచ్చది. ఏ రోజున ఏది వస్తుందో వరస లేదు. "ఏడవకే. ఇవాళ ఏది వస్తుందో చెప్పు చూద్దాం" అంది సూరమ్మగారు. కోడలు పచ్చదంది, ఎర్రది వచ్చింది. ఓడిపోయినందుకు ఒక పెళ్ళిపాట పాడించుకుంది అత్తగారు. వంటింట్లో ఎప్పుడూ వంగే కనిపించే మనిషి అక్కడ చాప మీద వెల్లకిలా పడుకుని, కాళ్ళు గోడకు ఆనించి, పొట్ట పట్టుకుని నవ్వింది. ఆవిడకు నవ్వితే బుగ్గ సొట్ట పడుతుందని కోడలికి అప్పుడే తెలిసింది.

నాలుగో రోజు తలస్నానం చేసి లోపలికి వచ్చాక సూరమ్మగారు పది రోజుల పాటు వేరే మనిషిలా ఉండేది. అవధానిగారిని కూడా ఆటపట్టించేది. కూర మాడితే నవ్వేసేది. మూడో వారం వచ్చేసరికి మాట తగ్గేది, గిన్నెల చప్పుడు పెరిగేది. ఇంట్లో ఎవరూ దీన్ని గమనించలేదు. ఇల్లంతా ఆ పది రోజుల మీదే బతుకుతోందని గమనించే తీరిక ఎవరికుంది?

రెండో ఏడు కోడలు మరొకటి గమనించింది. తనకు సరిగ్గా తద్దినం రోజునే వచ్చేది. లేదంటే వరలక్ష్మీవ్రతం పొద్దున. ఒంటి సంగతి తిథి చూసుకుని రాదు కదా. అత్తగారికి మాత్రం ఎప్పుడూ తద్దినం దాటిన మర్నాడో, పండగ వెళ్ళిన మూడోనాడో వచ్చేది. ఒకసారి కాదు, ఏడాది పొడుగునా అంతే. కోడలికి మెల్లగా అర్థమైంది. సూరమ్మగారికి ఎప్పుడో ఆగిపోయింది. ఆ మూడు రోజులు వదులుకోలేక, వచ్చినట్టు చెప్పి గదిలోకి వెళ్ళి కూర్చుంటోంది. అయితే తన అబద్ధం వల్ల ఇంట్లో ఏ కార్యమూ చెడకూడదని, అన్నీ దాటాకే వెళ్ళేది. గోడకు కాళ్ళు ఆనించి నవ్విన నాటికే ఆవిడకు ఆ గదితో పని లేదన్నమాట. కోడలు ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. పైగా అత్తగారి మీద ఇష్టం పెరిగింది.

మరి ఎందుకు బయటపెట్టిందంటే, ఒళ్ళు మండి బయటపెట్టింది. అవధానిగారి తల్లి తద్దినం నాటి పొద్దున కోడలు మళ్ళీ దూరం చేరింది. ఇంకాసేపటికి భోక్తలు వస్తారు. పనంతా సూరమ్మగారి మీద పడింది. ఆవిడ తడిబట్ట కట్టుకుని వెనక వసారాలో గారెల పిండి రుబ్బుతోంది. సుందరమ్మ పెరట్లో నిలబడి గది వైపు చూస్తూ మొదలుపెట్టింది. "సరిగ్గా ఇవాళే రావాలా? నిన్నంతా ఏం చేస్తోందిట? మీ అత్తగారిని చూసి నేర్చుకో. ఎప్పుడైనా తద్దినానికి అడ్డమొచ్చిందా?"

అది మూడో తద్దినం, మూడోసారి దెప్పడం. కోడలు గుమ్మంలోకి వచ్చి అనేసింది. "ఎందుకొస్తుందండీ? నిజంగా వచ్చేదైతే కదా అడ్డమొచ్చేది!"

అప్పుడే కాలువలో స్నానం చేసి వస్తున్న అవధానిగారు పెరటి తలుపు దగ్గర ఆగిపోయాడు. రుబ్బురోలు దగ్గర సూరమ్మగారి చెయ్యి ఆగింది. ఒక్క క్షణమే. మళ్ళీ రుబ్బడం మొదలుపెట్టింది. ఆ రోజు గారెలు చాలా బాగా కుదిరాయని భోక్తలు మెచ్చుకుని వెళ్ళారట.

వాళ్ళు వెళ్ళాక అవధానిగారు వసారాలో కూర్చుని భార్యను పిలిచాడు. గదిలో ఉన్న కోడలికి ప్రతి మాటా వినిపించింది.

"ఎన్నాళ్ళయిందే?"

"మూడేళ్ళు."

"మరి అలా ఎందుకు చేశావు?"

"అలవాటైపోయిందండీ" అంది సూరమ్మగారు.

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండునని విశాలాక్షమ్మగారు ఇప్పటికీ అనుకుంటారట. ఆయన జాలిపడ్డాడు. "పిచ్చిదానా, కష్టం తీరిపోయిందని చెప్పొద్దూ? ఇంక ఆ చెరసాల నీకెందుకు? హాయిగా ఇంట్లో ఉండు" అన్నాడు. సుందరమ్మ కూడా కరిగిపోయి, "అదృష్టవంతురాలివి, ఇక నెలంతా మడే" అంది. మర్నాటి నుంచి మడివంట మొత్తం సూరమ్మగారికే అప్పగించారు. పెద్ద గౌరవం చేసినట్టే అందరూ అనుకున్నారు.

తరువాతి నెల కోడలు గదిలో ఉండగా సూరమ్మగారు అన్నం తెచ్చింది. విస్తరి గడప బయట పెట్టి నాలుగడుగులు వెనక్కి జరిగింది. మడిలో ఉంది కాబట్టి గదిలోకి రావడానికి లేదు, కోడల్ని తాకడానికి లేదు. కానీ వెంటనే వెళ్ళలేదు. కోడలి భుజం మీదుగా కిటికీ వైపు చూస్తూ నిలబడింది. తిడుతుందేమోనని కోడలు తల దించుకుంది.

"లాంచీ వెళ్ళిందా?" అని అడిగింది సూరమ్మగారు.

"వెళ్ళిందండీ."

"ఎర్రదా, పచ్చదా?"

"చూడలేదండీ. నిద్రపోయాను."

సూరమ్మగారు తల ఊపింది. లోపలి నుంచి సుందరమ్మ పిలిస్తే వెళ్ళిపోయింది.

ఆ మర్నాటి నుంచి, గదిలో ఉన్న రోజుల్లో, కోడలు లాంచీ వచ్చే వేళకు కిటికీ వదలలేదు. ఏ రోజు ఏది వెళ్ళిందో గుర్తుపెట్టుకుని, అన్నం తెచ్చినప్పుడు చెబుదామని కాచుకుని కూర్చునేది. అత్తగారు మళ్ళీ అడగలేదు. అడగకుండా చెప్పడానికి కోడలికి మొహం చెల్లలేదు. సూరమ్మగారు ఆ తరువాత ఏడేళ్ళు బతికింది. ఎవరి మీదా విసుక్కోలేదు, ఎవరితోనూ నవ్వలేదు. ఏ పనీ ఆగలేదు కాబట్టి ఆ ఇంట్లో ఎవరికీ ఏ లోటూ తెలియలేదు. ఆ సొట్టబుగ్గ మళ్ళీ చూశానా అంటే లేదన్నారు. ఆ మాట దగ్గర విశాలాక్షమ్మగారు కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. పన్నెండేళ్ళలో ఆవిడ కళ్ళు తుడుచుకోవడం నేను చూడలేదు. అప్పుడు కూడా తుడుచుకోలేదు, అలాగే ఉండనిచ్చారు.

నిజం చెప్పేయమని సలహా ఇచ్చినావిడ చాప అంచు పీకుతూ కూర్చుంది. మాణిక్యాంబ ఉద్యోగం లెక్కలు చెప్పడం కదా, జవాబు తేలితే గాని కదిలే మనిషి కాదు.

"అంటే అమ్మగారూ, ఇంట్లో చెప్పి వెళ్ళమంటారా, చెప్పకుండా వెళ్ళమంటారా?"

విశాలాక్షమ్మగారు కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు.

"ఇంట్లో ఏం చెప్పాలో నన్నడక్కమ్మా, ఆ విషయంలో నేను ఇదివరకే ఒకసారి నోరు జారాను. నువ్వుండే గదికి కిటికీ ఉంటే, అందులోంచి ఏం కనిపించిందో తిరిగొచ్చాక నాకు చెప్పు."