నూటికి ఒక్క దుప్పి

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడుమ ఒక వాగు. వాగు ఒడ్డున కొమ్ములయ్య అనే ముసలి దుప్పి పెద్దరికం కింద సరిగ్గా వంద దుప్పులు బతికేవి.

ఎండాకాలం మొదట్లో ఆ మందకు ఒక ఆచారం ఉండేది. దుప్పులన్నీ మేస్తుండగా పెద్ద వెనకనుంచి వచ్చి ఎండుటాకులు తొక్కాలి. ఎవరి గుణం ఎలాంటిదో చూడాలి. పాత పెద్దలు చూసి ఊరుకునేవారు. కొమ్ములయ్య మాత్రం లెక్కపెట్టాడు.

చప్పుడు వినగానే ముప్పైతొమ్మిది దుప్పులు పరుగు తీశాయి. పక్కవాటిని చూసి అరవై పరుగు తీశాయి. ఒక్కటే చెవులు నిక్కించి నిలబడింది. దాని పేరు నిదానమ్మ.

"ఏమే, తొంభైతొమ్మిది పరిగెడుతుంటే నీ ఒక్కదానికే కాళ్లు లేవా?" అని గద్దించాడు కొమ్ములయ్య.

"ఉన్నాయి పెద్దయ్యా. చప్పుడు ఎటునుంచి వచ్చిందో, మిగతా వైపుల ఏముందో ముందు వింటాను. ఆ తర్వాతే పరిగెడతాను," అంది నిదానమ్మ.

"అది మంచి గుణమే అయితే ఇంకో పదింటికైనా ఉండేది కదా! నూటికి ఒక్కదానికి ఉంటే అది అవకరం. వాగు అవతలికి పో. మళ్లీ ఇటు రాకు!"

మందంతా తలాడించింది. కొమ్ములయ్య మనవరాలు చుక్కి మాత్రం నీళ్ల దాకా నిదానమ్మ వెంట నడిచింది. రోజూ దాని పక్కనే మేసే పిల్ల అది.

మర్నాడు ఒక మారేడుకాయ రాలింది. మంద పరుగు తీసింది. ఇంకోనాడు కొండముచ్చు కొమ్మ విరిచింది. మళ్లీ పరుగు. రెండుసార్లూ ఎవరికీ ఏమీ కాలేదు.

"చూశారా, పరుగే మనకు రక్ష!" అన్నాడు కొమ్ములయ్య. పిల్లలూ, నాకు ఆ మాట మీద ఇప్పటికీ కోపమే.

మూడోసారి రేచుకుక్కలు వచ్చాయి. గుంపుగా వేటాడే కుక్కలవి. రెండు కుక్కలు పడమటి పొదల్లో కావాలనే చప్పుడు చేశాయి. మిగిలినవి తూర్పున గడ్డిలో నక్కి కూర్చున్నాయి.

అవతలి ఒడ్డున నిదానమ్మ విన్నది. తూర్పున పొద్దుటినుంచి కూస్తున్న పిట్టలు ఉన్నట్టుండి ఆగిపోయాయి. దానికి సంగతి అర్థమైంది.

"తూర్పుకు పోవద్దు! నీళ్లలోకి దిగండి!" అని గొంతు చించుకుని అరిచింది.

మంద తూర్పుకే పరిగెత్తింది.

సాయంత్రం కొమ్ములయ్య మందను లెక్కపెట్టాడు. తొంభైఎనిమిది. మళ్లీ లెక్కపెట్టాడు. చుక్కి లేదు.

అతను వాగు దాటి వెళ్లి తల దించుకుని నిలబడ్డాడు. "ఒక్క కేక వేయలేకపోయావా తల్లీ?" అన్నాడు.

"వేశాను పెద్దయ్యా. అన్ని గిట్టల చప్పుడులో నా ఒక్క గొంతు ఎవరికి వినబడుతుంది? నేను మీ మధ్యలో ఉండి ఉంటే కేక అక్కర్లేదు. పక్కవాటిని చూసి పరిగెత్తే అరవైలో, నా పక్కనున్నవైనా నన్ను చూసి ఆగేవి. చుక్కి ఎప్పుడూ నా పక్కనే మేసేది."

"మందలోకి తిరిగి రా తల్లీ," అన్నాడు కొమ్ములయ్య. ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు.

నిదానమ్మ ఇప్పుడు మంద నడుమ మేస్తోంది. ఆకు గలగలమంటే దుప్పులన్నీ ముందు దాని చెవుల వైపు చూస్తాయి. దాని పక్కన ఒక దుప్పిపిల్ల పట్టేంత చోటును మాత్రం ఎవరూ తొక్కరు.

నీతి: పదిమందిలో లేని గుణం ఒక్కరిలో కనిపిస్తే దాన్ని లోపమని వెలివేయకూడదు, ఆ ఒక్కరి అవసరం పదిమందికీ వస్తుంది.