కొండమ్మ గీసిన పని గీతలు

అనగనగా, వాగు పక్కన ఒక అడవి ఉండేదర్రా. వానాకాలం వస్తే చాలు, ఆ వాగు పొంగి బొరియలన్నీ మునిగిపోయేవి. అందుకని ఒక ఎండాకాలం జంతువులన్నీ కలిసి ఎత్తైన మిట్ట చుట్టూ మట్టికట్ట వేయడం మొదలుపెట్టాయి. భద్రయ్య అనే ఎలుగుబంటి ఆ పనికి మేస్త్రి.

"ఎవరికి వీలైన వేళ వాళ్ళు రండి. రోజుకు రెండు జాముల పని చేస్తే చాలు. చేసినవాళ్ళకే వరదలో మిట్ట మీద చోటు," అన్నాడు భద్రయ్య.

కొండమ్మ అనే ఏదుపందికి ఇద్దరు చంటిపిల్లలు. అది తెల్లవారుతూనే వచ్చి ఒక జాము మట్టి తవ్వేది. ఇంటికెళ్ళి పిల్లలకు పాలిచ్చి, పొద్దు వాలాక వచ్చి ఇంకో జాము తవ్వేది. జాము పూర్తయినప్పుడల్లా దారి పక్క బండ మీద సుద్దముక్కతో ఒక నిలువు గీత గీసేది. రోజుకో వరస. ఎవరైనా చూడొచ్చు. ఎవరికైనా అర్థమవుతుంది.

భద్రయ్య మిట్టమధ్యాహ్నం వచ్చేవాడు. ఆ వేళకు కొండమ్మ కనిపించేది కాదు.

"నువ్వు పని ఎగ్గొడుతున్నావు," అన్నాడు ఒకరోజు.

"బండ మీద గీతలున్నాయి, చూడండి మేస్త్రిగారూ."

"ఆ పిచ్చిగీతలు నాకొద్దు. ఇకమీదట అందరి లెక్కా జంబన్న దగ్గరే."

జంబన్న అంటే నక్క. వాడి మెడలో రంగురంగుల ఈకలు కట్టిన తాడు ఉంది. ఏ ముడి ఎవరిదో, ఏ ఈక ఎన్ని జాములో వాడికి తప్ప ఎవరికీ తెలియదు.

"నీ పని చెప్పు, ముడి వేస్తాను," అన్నాడు జంబన్న.

"నా లెక్క నేను చదవలేని చోట పెట్టను," అంది కొండమ్మ.

భద్రయ్యకు కోపం వచ్చింది. తడి పంజాతో బండంతా తుడిచేశాడు. కొండమ్మ సుద్దముక్క తీసుకుని మొదటి రోజు నుంచి మళ్ళీ గీసింది. ఒక వరసలో మాత్రం ఒకటే గీత పెట్టింది.

"అదేమిటత్తా, అక్కడ ఒకటే గీశావు?" అని అడిగింది చెవులమ్మ అనే కుందేలు.

"ఆ రోజు చిన్నదానికి జ్వరంతో ఒళ్ళు కాలిపోయింది. సాయంత్రం రాలేకపోయాను. చెయ్యని పని ఎలా గీస్తాను?"

చెవులమ్మ ఆలోచనలో పడింది. తిన్నగా జంబన్న దగ్గరికి వెళ్ళి, "నా జాములెన్ని?" అని అడిగింది. వాడు ఈకలు తడిమి, "ఇరవై," అన్నాడు. కాసేపాగి మళ్ళీ అడిగితే, "పద్నాలుగు," అన్నాడు.

చెవులమ్మ ఒక సుద్దముక్క వెతుక్కుని కొండమ్మ పక్కన కూర్చుని తన జాములు గీసుకుంది. దాని వెనకే ముంగిస, ఆ తర్వాత అడవిపంది.

మర్నాడు మబ్బులు కమ్మాయి. భద్రయ్య బండ ముందు నిలబడి గర్జించాడు.

"అందరూ ఆ గీతలు చెరిపేయండి. లేకపోతే మిట్ట మీద ఒక్కరికీ చోటు లేదు. కొండమ్మా, ముందు నువ్వు."

కొండమ్మ ముళ్ళు నిక్కపొడుచుకుంది. పిల్లలిద్దరూ దాని కాళ్ళ సందున నక్కారు.

"చెరపను," అంది. "వీలైన వేళ రావచ్చని మాటిచ్చింది మీరు. మాట ప్రకారం చేసింది మేము. తక్కువైతే తక్కువని కూడా రాసుకున్నాం. మీరు తుడిస్తే మళ్ళీ గీస్తాను. బండ పగలగొడితే ఇంకో బండ మీద గీస్తాను."

ఒక్కరూ కదలలేదు. కట్టలో ఇంకా పెద్ద గండి ఉంది. వాగు దూరంగా హోరెత్తుతోంది. పనివాళ్ళు లేకపోతే కట్ట నిలవదని భద్రయ్యకు తెలుసు. జంబన్న వైపు చూశాడు. వాడు అప్పటికే పొదల్లోకి జారుకున్నాడు.

"సరే. బండ మీద లెక్కే లెక్క," అన్నాడు భద్రయ్య, తల దించుకుని.

"అయితే మీరూ గీయండి మేస్త్రిగారూ," అంటూ కొండమ్మ సుద్దముక్క అందించింది.

భద్రయ్య దాన్ని అందుకున్నాడు. బండ దగ్గరికి వెళ్ళాడు. తాను ఒక్క జామైనా పని చేయలేదు, గీయడానికి ఏమీ లేదు. చివరికి సుద్దముక్క కింద పెట్టి, ఒక పెద్ద రాయి భుజానికెత్తుకుని గండి వైపు నడిచాడు.

నీతి: నీ కష్టం లెక్క నీకూ, నలుగురికీ అర్థమయ్యేలా నిజాయితీగా రాసుకో. చెరపమన్నది ఎంత పెద్దవాళ్ళైనా చెరపకు.