ఆరని చిలుము

"నాంచారీ, ఇలా రా" అని దివాను రంగప్ప కేకేశాడు. రాజుగారి హుక్కా మీద పొగాకు, నిప్పులు వేసే చిలుములు తోమే నాంచారి, చేతి బూడిద దులుపుకుంటూ వచ్చింది.

రాజుగారి ముందు ఆయన ప్రాణంగా చూసుకునే మట్టి చిలుము, వెన్నెల రంగు పువ్వులు దిద్దినది, రెండు ముక్కలై ఉంది.

"తోమడం చేతకాక పగలగొట్టింది ప్రభూ. ఈ పూటే కోట దాటించండి" అన్నాడు దివాను.

నాంచారి ఒక ముక్క తిప్పి చూసింది. పగులు లోపల మసి ఉంది. తోముతుంటే పగిలితే అక్కడ మసి ఉండదు. అంటే తడి ఆరకముందే ఎవరో అందులో నిప్పులు వేస్తే పగిలింది. దివాను మీసాల్లోంచి రాజుగారి గులాబీ పొగాకు వాసన గుప్పుమంటోంది. కానీ చిలుములు తోమే ఆడదాని మాట ఎవరు నమ్ముతారు?

"తప్పు నాదే దొరా, వెళ్లిపోతాను. ఒక్కటే సంతోషం. మడ్డి వదలాలని దానికి గన్నేరు పసరు పట్టించాను. మూడు రోజులు ఆరితే గాని విషం పోదు. ఈలోపు ఎవరూ పీల్చలేదు, బతికిపోయారు."

"పీలిస్తే?" దివాను గొంతు సన్నగా వచ్చింది.

"మర్నాడు పొద్దువాలేసరికి గొంతు పూడుకుపోతుంది బాబయ్యా. విరుగుడు నాకొక్కదానికే తెలుసు. ఇంక దాంతో ఏం పనిలే."

నిజానికి ఆమె పట్టించింది చింతపండు పులుసే. కొంగు బిగించి, కొత్త పెళ్లికూతురిలా మెల్లమెల్లగా గుమ్మం వైపు నడిచింది. ఆమె గడప దాటబోతుంటే దివాను రాజుగారి కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"దాన్ని ఆపండి ప్రభూ. నిన్న మధ్యాహ్నం మీరు కునుకు తీస్తుంటే ఆ చిలుము తాగిందీ, పగలగొట్టిందీ నేనే."